కబురు చేయవలసిన వారు

కెపాసిటర్ పోయింది దీనికి, లేకపోతే ఫ్యాను ఇంత నీరసంగా తిరగదు, ఈ వరండా మొత్తానికి ఇదొక్కటే, దీని కింద ఇరవై మందిమి, ఒక స్టూలూ ఒక స్క్రూడ్రైవరూ నా చేతికిస్తే పది నిమిషాల్లో బాగుచేసి దిగుతాను, రెండేళ్ళు ఎలక్ట్రికల్ డిప్లొమా వెలగబెట్టి ఈ మాత్రం చేయలేనా ఏమిటి, కానీ ఇవాళ నేను ఫ్యాను బాగుచేయడానికి రాలేదు, నన్ను ఉంచుతారో పొమ్మంటారో వినడానికి వచ్చాను, వచ్చే సోమవారం నాకు పద్దెనిమిది నిండుతాయి, కాగితం మీద మాట అది, ఆరేళ్ళ పిల్లనని నా పళ్ళు చూసి డాక్టరు వేసిన లెక్క, మా బాలికల గృహంలో సగం మందికి పుట్టినరోజు జూన్ నెలలోనే, పద్దెనిమిది నిండిన పిల్ల అక్కడ ఉండకూడదు, ఉండకపోయినా చదువు సాగాలంటే శిశు సంక్షేమ కమిటీ వాళ్ళు సంతకం పెట్టాలి, ఆఫ్టర్ కేర్ అంటారు దాన్ని, పెడితే ఇరవై ఒకటి వచ్చేదాకా హాస్టలూ ఫీజూ వాళ్ళే చూస్తారు, నాకు అన్నేళ్ళు అక్కర్లేదు బాబూ, ఒక్క ఏడాది చాలు, మూడో సంవత్సరం గట్టెక్కితే డిప్లొమా చేతికొస్తుంది, ఆ ఒక్క ఏడాది ఎదురుగా ఉన్న ఆకుపచ్చ తలుపు వెనకాల ఉంది, ఆ తలుపు తీసి వేసినప్పుడల్లా బెంచీ అంచు గట్టిగా పట్టుకుంటున్నాను, పక్కన మా సూపరింటెండెంట్ ఈశ్వరి మేడం నా ఫైలు ఒళ్ళో పెట్టుకుని దాంతోనే విసురుకుంటోంది, నా పన్నెండేళ్ళ బతుకుతో గాలి విసురుకుంటోంది మహాతల్లి, ఏటే అనూరాధా, అలగ బిగుసుకుపోనావు, నీకేటి భయం, వెనకా ముందూ ఎవరూ లేని పిల్లవి, ముందు నీలాటోళ్ళకే ఇస్తారు, లోపల అడిగినదానికి నిజం సెప్పు చాలు అంటోంది. నిజం చెబితే చాలునట.

నిజం గేటు దగ్గర కూర్చుంది. పొద్దున్న ఆటో దిగుతూనే చూశాను, వద్దని చెప్పాను కదా, పోయిన ఆదివారం అంత గట్టిగా చెప్పాను కదా, మంగళవారం నన్ను కమిటీ ముందుకు తీసుకెళ్తున్నారు, నువ్వు మాత్రం ఆ ఛాయలకు రాకు అమ్మమ్మా అని, అయినా వచ్చింది, చేపల గంప లేకుండా వచ్చింది, ఆకుపచ్చ అంచు చీర కట్టుకుంది, తలకు నూనె రాసుకుంది, గంప లేకుండా ఆవిడని నేను చూడటం ఇన్నేళ్ళలో ఇదే మొదలు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఆవిడ పేరు పోలమ్మ, మా అమ్మకి అమ్మ, కళింగపట్నం అవతల బెస్తల పేటలో ఉంటుంది, ఈ సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు, ఆవిడకీ నాకూ, మేడం విసురుకుంటున్న కాగితాల్లో మొదటి పేజీలోనే ఉంటుంది, బాలికకు తల్లి లేదు, తండ్రి లేడు, బంధువులు లేరు అని, నేను చెప్పిందే రాసుకున్నారు, నాకు చెప్పమన్నది ఆవిడ, శ్రీకాకుళం బస్టాండులో పోలీసుల గదికి నాలుగు అడుగుల దూరంలో నన్ను నిలబెట్టి, నా చేతిలో మరమరాల పొట్లం పెట్టి, ఒలే అమ్మడూ, ఎవులడిగినా నాకెవుల్నేరు అని సెప్పు, ఊరు తెల్దని సెప్పు, మరేటీ సెప్పకు, సెప్తే మల్లా మావ దగ్గరకి అంపేస్తారు, బడి నేదు గిడి నేదు అంది, అని నా తల మీద చెయ్యి కూడా వేయకుండా స్తంభం వెనక్కి పోయింది, స్తంభం పక్కనుంచి చీర కొంగు కనబడుతూనే ఉంది నాకు, పోలీసావిడ వచ్చి నీ పేరేటి పాపా అంటే అమ్మడు అన్నాను, అది పేరు కాదే అని నవ్వింది, అనూరాధ తరవాత గృహంలో పెట్టిన పేరు, నీకెవరున్నారు అంటే కొంగు వైపు చూస్తూనే ఎవుల్నేరు అన్నాను, ఆరేళ్ళ పిల్ల అంత బాగా అబద్ధం ఆడితే ఎవరు మాత్రం నమ్మరు.

మావ అంటే నాగబాబు, ఆవిడ సొంత కొడుకే, రాక్షసుడేం కాదు, మా వాళ్ళలో నేను పుట్టిన రోజే బొడ్డు కోసి ఇది నాగబాబు పెళ్ళాం అని పేరు పెట్టేశారు, అదొక మురిపెం వాళ్ళకి, మా అమ్మను కూడా అలాగే పద్నాలుగో ఏట అమ్మమ్మ తమ్ముడికి ఇచ్చారు, నాలుగు కాన్పుల్లో ముగ్గురు పోయారు, నేను మిగిలాను, ఇరవై రెండో ఏట అమ్మ పోయింది, ఆ మరుసటేడు నాన్న ఎక్కిన పడవ తిరిగి రాలేదు, పేట పెద్దలు కూర్చుని గుంట ఎలాగూ ఆ ఇంటి కోడలే, ఇప్పట్నుంచే ఆ ఇంట్లో ఉంటాది, సేపలారబెట్టే పని నేర్సుకుంటే ఎండుచేపల పాక చూసుకుంటాది అన్నారట, అమ్మమ్మ ఆ రాత్రి అవునంది, తెల్లారి మొదటి బస్సుకు నన్ను ఎక్కించింది, ఊళ్ళో మాత్రం గుంటని పారాదీప్‌లో చుట్టాలింటికి అంపేసినానని చెప్పింది, కొడుకు నెత్తి మీద కొట్టుకున్నాడట, ఇదంతా నాకు ఒక్కసారి చెప్పలేదు, పన్నెండేళ్ళుగా చెబుతోంది, నెలకు రెండు ఆదివారాలు, మా వంటింటి వెనక గేటు దగ్గర గంప దించి మెత్తళ్ళు తూచే ఐదు నిమిషాల్లో ఎంత కుదిరితే అంత, వంటమనిషి అటు తిరిగితే ఒక ముక్క, ఇటు తిరిగితే, ఇవి పప్పులో ఏసుకోండమ్మా, బేగి ఉడుకుతాయి, ఇసక నేదు అని గట్టిగా ఒక మాట, నేను గిన్నె పట్టుకుని నిలబడేదాన్ని, గిన్నె నేనే తెస్తానని వారం ముందే అందరికీ చెప్పి పెట్టుకునేదాన్ని, అనూరాధకి ఎండుచేపలంటే ప్రాణం అని వెక్కిరించేవాళ్ళు, నాకు ఎండుచేపలంటే అసహ్యం.

ఎందుకొచ్చింది ఇవాళ, అదే అర్థం కావడం లేదు, పొద్దుటినుంచి బుర్రని అదే తొలిచేస్తోంది, నన్ను చూడాలని ఉంటే వెనక గేటు ఉంది, ఏదైనా చెప్పేద్దామనుకుంటోందా, ముసలిదైపోయాను, నా గుంటని నాకిచ్చేయండి అంటుందా, అంటే అయిపోయింది, అనితకి అయినట్టే అయిపోతుంది, అనిత నాకన్నా ఒక సంవత్సరం పెద్ద, నా పక్క మంచమే, కంప్యూటర్ డిప్లొమా రెండో సంవత్సరంలో ఉండగా పద్దెనిమిది నిండాయి, దానికో చిన్నాన్న ఉన్నాడని ఫైల్లో ఉంది, కమిటీ వాళ్ళు కబురు పెడితే వచ్చాడు, మా పిల్లని మేం చూసుకుంటాం అన్నాడు, వెళ్తావా అమ్మా అని అడిగితే అది తలూపిందట, ఎందుకూపావే అని తరవాత ఫోనులో తిట్టాను, ఎదురుగా చిన్నాన్న కూర్చుని ఉన్నాడే, కాదనడానికి నోరు రాలేదే అంది, ఇప్పుడు రొయ్యలు ఒలిచే షెడ్డులో నిలబడుతోంది, వేళ్ళన్నీ తెల్లగా నానిపోయాయే, కీబోర్డు మీద పెడితే జారిపోతాయేమో అని నవ్వింది, హాల్ టికెట్ వచ్చిందా అని నన్ను అడిగింది, కాలేజీకి వెళ్ళకపోతే హాల్ టికెట్ ఎక్కడినుంచి వస్తుంది పిచ్చిదానా, అందుకే చెబుతున్నాను, మనిషి ఉంటేనే ప్రమాదం, ఎవరూ లేకపోతేనే చదువు, ఆరేళ్ళప్పుడు బుర్రకెక్కిన లెక్క అది, ఇంతవరకూ తప్పలేదు, అమ్మమ్మా, దయచేసి లేచి వెళ్ళిపో, నీకు పుణ్యముంటుంది, మంచినీళ్ళు కావాలంటే బయట కొట్లో తాగు, ఇటు చూడకు, నన్ను చూడకు, చూసినా అలా చూడకు, చేపలు కొనేవాళ్ళని ఎవరూ అలా చూడరు.

తిరుమలరావు సార్ గేటులోంచి వస్తున్నాడు, మా గృహానికి వచ్చి విచారణ చేసి రిపోర్టు రాసే ఆఫీసరు, చేతిలో హెల్మెట్, ఆగాడు, అమ్మో ఆగాడు, అమ్మమ్మ ముందు ఆగి ఏదో అడుగుతున్నాడు, ఆవిడ తల అడ్డంగా ఊపుతోంది, ఊపుతూనే ఉంది, అంతలా ఊపకే ముసల్దానా, అనుమానం వస్తుంది, నాకు చెవుల్లో హోరు మొదలైంది, ఎదురుగా ఉన్న బెంచీ మనుషులు పెదవులు కదుపుతున్నారు గానీ మాట వినబడటం లేదు, పోయిన నెల ఈయనే నాతో ఒక మాటన్నాడు, కళింగపట్నం వైపు వెళ్ళొచ్చానమ్మా, సముద్రం బాగుంది, నువ్వెప్పుడైనా చూశావా అని, లేదు సార్ అన్నాను, అనేటప్పుడు గోళ్ళు అరచేతిలోకి దిగిపోయాయి, ఊరికే అన్నాడా, తెలిసి అన్నాడా, తెలిస్తే రిపోర్టులో రాసేసి ఉంటాడు, బాలిక పన్నెండేళ్ళుగా అబద్ధం చెబుతోంది, ఈమెకు బంధువులు ఉన్నారు, సంతకం పెట్టనక్కర్లేదు, అంతే, మూడు ముక్కలు, మా కాలేజీలో మోటారుకి వైండింగ్ చేసేటప్పుడు ఒక్క చుట్టు తేడాగా వేస్తే చివర్లో స్విచ్ వేసినప్పుడు గానీ తెలియదు, పొగ వస్తుంది, అప్పుడు మొత్తం విప్పాలి, ఈశ్వరి మేడం ఏదో అంటోంది, ఆ గేటు కాడ ముసల్ది మన చేపలమ్మలాగ లేదూ, గంప లేకపోతే పోల్చలేకపోయాను, ఇక్కడేం పనే దానికి అంటోంది, కాదు మేడం అన్నాను, వెంటనే అన్నాను, ఆలోచించకుండా, అంత సుళువుగా వచ్చేస్తుంది నాకు కాదు అనే మాట.

ఎనిమిదో క్లాసులో కూడా అలాగే వచ్చింది, వానాకాలం, చేపలు సరిగ్గా ఎండలేదు, గంప దించగానే పిల్లలందరూ ముక్కులు మూసుకున్నారు, ఛీ కంపు, ఈవిడ దగ్గరే ఇంకా కంపు అని, నేనూ మూసుకున్నాను, ఎవరూ నన్ను మూసుకోమనలేదు, నా చెయ్యే వెళ్ళింది, ఆవిడ నా వంక చూసి నవ్వింది, మెచ్చుకోలుగా నవ్వింది, బాగా చేశావు, ఎవరికీ అనుమానం రాదు అన్నట్టు, ఆ నవ్వు ఎన్నిసార్లు గుర్తొస్తే అన్నిసార్లు నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది, ఇంకా వెనక్కి వెళ్తే తిత్లీ తుఫాను, ఐదో క్లాసు, గాలికి మా గృహం కిటికీలే ఊడిపోయాయి, సముద్రం ఒడ్డున పాక ఏమవుతుంది, ఆదివారం వచ్చింది, ఆవిడ రాలేదు, ఇంకో ఆదివారం, రాలేదు, రెండు నెలలు, ఎవరిని అడగను, ఏమని అడగను, చేపలమ్మ రాలేదేంటి అని వంటమనిషిని ఒకసారి అడిగితే పోతే పోనీలే, ఇంకొకత్తి వస్తాది అంది, అంతే, ఆ రోజు అన్నం ముందు కూర్చుని నాకు మొదటిసారి తెలిసింది, ఆవిడ చచ్చిపోతే నాకు ఎవరూ చెప్పరు అని, చెప్పడానికి నేనెవరిని, ఊళ్ళో వాళ్ళకి నేను పారాదీప్‌లో ఉన్నాను, ఇక్కడి వాళ్ళకి నాకెవరూ లేరు, ఆవిడ పోతే వంటమనిషి ఇంకొక చేపలమ్మ దగ్గర కొంటుంది, నేను గిన్నె పట్టుకుని వెళ్తాను, గేటు దగ్గర వేరే మనిషి ఉంటుంది, నాకు వార్త తెలిసే పద్ధతి అదొక్కటే, ఆ మాట ఎనిమిదేళ్ళుగా నా గొంతులో ముల్లులా ఉంది, ఆవిడ దగ్గిన ప్రతిసారీ గుచ్చుకుంటుంది.

దాలయ్య తలుపు తీసుకుని వచ్చి అనూరాధ ఎవులమ్మా అని కేకేశాడు, ఆఫీసు అటెండరు, మంచివాడు, పొద్దున్న కూర్చోమని బెంచీ తుడిచాడు, లేచాను, మేడం ముందు, నేను వెనక, తిరుమలరావు సార్ అప్పటికే లోపల గోడ పక్క కుర్చీలో ఉన్నాడు, మధ్యలో ఛైర్మన్ మోహనకృష్ణ గారు, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది, కూర్చోమ్మా అన్నారు, కూర్చున్నాను, మార్కులు చూశారు, డెబ్బై ఎనిమిది శాతమా, భేష్, మా అబ్బాయికి కూడా రాలేదు అన్నారు, మేడం నవ్వింది, నేనూ నవ్వాననుకుంటాను, మూడో సంవత్సరంలో ట్రైనింగ్ ఎక్కడ పడుతుంది అంటే చెప్పాను, డిప్లొమా తరవాత ఏం చేద్దామని అంటే సబ్‌స్టేషన్లో ఉద్యోగం సార్ అన్నాను, స్తంభం ఎక్కగలవా అంటే ఎక్కాను సార్ అన్నాను, అందరూ బాగానే ఉన్నారు, గాలి కూడా బాగా వస్తోంది ఇక్కడ, అయిపోతోంది, ఇంకో నిమిషం, ఆయన పెన్ను తీశారు, నా దరఖాస్తు చివరి పేజీ తిప్పారు, ఇక్కడొక గడి ఖాళీగా ఉందమ్మా అన్నారు, అత్యవసరమైతే కబురు చేయవలసిన వారు, ఎవరి పేరూ రాయలేదు, ఈశ్వరి మేడం అందుకుంది, ఎవరూ లేరు సార్ ఈ పిల్లకి, నా పేరు రాసేద్దాం అంది, ఆయన నా వంక చూశారు, నీకు ఎవరూ లేరామ్మా అన్నారు, మామూలుగా అడిగారు, పేరు అడిగినట్టు, నాలుక చివర మాట సిద్ధంగానే ఉంది, పన్నెండేళ్ళుగా సిద్ధంగానే ఉంటుంది, లేరు అనాలి, ఒక్క మాట, రెండక్షరాలు, ఆ గడిలో మేడం పేరు పడుతుంది, ఏడాది నాదవుతుంది, అలాగే ఆవిడ పాకలో ఒక పూట లేవకపోతే ఏ గడిలోనూ నా పేరు ఉండదు, నాకు కబురు రాదు, ఎవరూ రారు, తలకొరివి ఎవరు పెడతారో పెట్టుకోనీ, కనీసం నేను ఏడవడానికైనా నాకు తెలియాలి కదా, తెలియాలా వద్దా.

ఉంది సార్ అన్నాను. ఉంది, మా అమ్మమ్మ, పోలమ్మ, బయట గేటు దగ్గర కూర్చుంది, నేను అబద్ధం చెప్పాను సార్, చిన్నప్పటినుంచీ చెబుతున్నాను, ఆవిడ చెప్పమంది, మావకిచ్చి చేసేస్తారని భయపడి చెప్పమంది, ఆవిడ మీద కేసు పెట్టకండి, నన్ను పంపేస్తే పంపేయండి గానీ ఒక్క ఏడాది, అని ఇంకా ఏమేమో అన్నాను, ముక్కు కారిపోతోంది, ఈశ్వరి మేడం నోటి మీద చెయ్యి పెట్టుకుంది, మెత్తళ్ళావిడా అంది, ఒలమ్మా, ఇన్నేళ్ళు నేనే బేరమాడి కొన్నాను కదే అంది, ఛైర్మన్ గారు తిరుమలరావు సార్ వైపు చూశారు, సార్ లేచి తన ఫైల్లోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు, రాసే ఉంది సార్, వెనక గేటు దగ్గర చేపలావిడని చూసి అనుమానం వచ్చి పోయిన నెల నేను పేటకి వెళ్ళాను, ఆవిడకి తెలియకుండానే వాకబు చేశాను, అమ్మమ్మ ఉంది, డెబ్బై ఏళ్ళు, పోషించే స్థితి లేదు, ఆఫ్టర్ కేర్ ఇవ్వాలని రాశాను, పిల్ల తనంతట తను చెబుతుందేమోనని ఆగాను అన్నాడు, మోహనకృష్ణ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పిచ్చిపిల్లా, అమ్మమ్మ ఉందని నీకు చదువు ఆపేస్తామా, పద్దెనిమిది దాకా ఇక్కడ పెరిగావు, వెళ్ళి చదువుకోవడానికి సాయం కావాలి, మేం చూసేది అంతే, ఇదిగో అని సంతకం పెట్టేశారు, ఇంత చిన్న సంతకం, ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, దండం పెట్టాను, ఆయన ఆగలేదు, మంచి మనిషి, ఇంకా చెప్పారు, అప్పుడే చెప్పినా ఉంచుకునేవారమ్మా, పెంచలేని వాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే పిల్లల్ని తీసుకుంటాం, మీ మావయ్య సంగతి చెబితే అదీ మేం చూసుకునేవాళ్ళం, ప్రతి ఆదివారం వచ్చి నీతో కూర్చునేది, పండక్కి రెండ్రోజులు తీసుకెళ్ళేది, ఎంచక్కా, ఎవరినైనా ఒక్క ముక్క అడగాల్సింది అన్నారు.

ప్రతి ఆదివారం, మా ముందు గదిలో చాపలు వేస్తారు, పది నుంచి నాలుగు దాకా, బంధువులున్న పిల్లలు అక్కడ కూర్చుంటారు, తలలు దువ్వించుకుంటారు, పులిహోర తింటారు, ఒళ్ళో పడుకుంటారు, నేను ఆ వేళకి వెనక గేటు దగ్గర గిన్నె పట్టుకుని ఉండేదాన్ని, అటు వెళ్ళేటప్పుడు ఆ గది తలుపు దాటాలి, తల వంచుకుని దాటేదాన్ని, పన్నెండేళ్ళు, ఏడాదికి యాభై రెండు, ఆరు వందల ఇరవై నాలుగు, ఎందుకు లెక్కేశాను, లెక్కలు వచ్చిన బుర్ర ఆగదు, ఒక్కదానిలోనైనా ఆవిడ నా జుట్టు దువ్వి ఉండేది, ఆవిడ దగ్గర పడుకుంటే ఎలా ఉంటుందో నాకు గుర్తు లేదు, చేపల వాసన ఒక్కటే గుర్తుంది, వెళ్ళి ఆవిడని లోపలికి తీసుకురామ్మా, ఆ గడిలో ఆవిడ పేరే రాద్దాం అంటున్నారు ఆయన, సరే సార్ అని బయటికొచ్చాను, వరండా దాటాను, ఎండ కళ్ళలో కొట్టింది, అమ్మమ్మా అని పిలిచాను, గట్టిగా, అందరిలో, ఆవిడ బెదిరిపోయింది, ముఖం పక్కకు తిప్పేసుకుంది, ఎవులమ్మా నువ్వు, నాను సేపలమ్ముకునే దాన్ని తల్లీ, ఎండకి కూకున్నాను, ఎలిపోతాను అని లేవబోతోంది, నేను ఆవిడ పక్కన మట్టిలో కూర్చుండిపోయాను, భుజం పట్టుకుని కూర్చోబెట్టాను, అయిపోయిందే అమ్మమ్మా, సంతకం పెట్టేశారు, నేను చెప్పేశాను, నువ్వున్నావని చెప్పేశాను, అయినా ఇచ్చారు అన్నాను, సెప్పీసినావేటి అంది, ముఖంలో రక్తం లేదు, సెప్పీసినావా, అంపెయ్యరా మరి అంది, పంపరే, చదివిస్తారు అన్నాను, నిజంగానా, నిజంగానే, నా గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూసింది, ఎందుకొచ్చావు అని అడిగాను, నిన్ను పొమ్మంటే నువ్వు ఒక్కదానివీ రోడ్డు మీద నిలబడిపోతావు కదే, అప్పుడు పక్కన ఉందామని వచ్చినాను అంది, అదా, దానికోసమా, నేను పొద్దుటినుంచి ఆవిడని తిట్టుకుంటున్నాను.

ఆవిడ కొంగుతో నా ముఖం తుడిచింది, తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది, చేపలు అమ్మి బతికిన బుర్ర, ఎక్కడో చిన్న తేడా కనిపెట్టేస్తుంది, అయితే గుంటా, నెమ్మదిగా అంది, ఇప్పుడు సెప్తే ఉంచినారు కదా, అప్పుడు బస్టాండు కాడ నాను నీ సెయ్యి పట్టుకునొచ్చి నా మనవరాలే, సదివించండి బాబూ అని అడిగినా ఉంచుదురేటే, అంది, చెయ్యి నా బుగ్గ మీద అలాగే ఉంది, కళ్ళు నా నోటి మీద ఉన్నాయి, ఊపిరి బిగబట్టింది, ఎండలో ఆవిడ ముఖం మీద ముడతలన్నీ కనబడుతున్నాయి, ప్రతి ముడతా నాకు తెలుసు, ఐదేసి నిమిషాలుగా చూసి చూసి నేర్చుకున్నాను, ఉంచేవారని ఆయన చెప్పిన మాట నా పళ్ళ వెనకాలే ఉంది, చెబితే ఏమవుతుందో నాకు కనబడుతోంది, ఈవిడ ఇంటికి వెళ్తుంది, పాకలో కూర్చుంటుంది, ఆ బస్టాండు స్తంభం వెనకాలకి మళ్ళీ వెళ్తుంది, చనిపోయేదాకా అక్కడినుంచి బయటికి రాదు, కొడుకుతో ఆడిన అబద్ధం, ఊరితో ఆడిన అబద్ధం, నేను ముక్కు మూసుకుంటే నవ్విన నవ్వు, అన్నీ ఎందుకూ పనికిరాకుండా పోతాయి, నాకు ఇప్పుడు తెలిసింది, నన్ను ఎవరు ఉంచుకుంటారో అన్న భయం ఆ గదిలో సంతకంతో పోయింది, ఇంతకన్నా పెద్ద భయం ఒకటి వచ్చి కూర్చుంది, ఈవిడకి ఈ సంగతి ఏనాడైనా తెలుస్తుందేమోనని, లోపల ఆయన మంచి మనిషి, ఈవిడని చూడగానే నాతో అన్నట్టే ప్రేమగా అనేస్తారు, తిరుమలరావు సార్ అనొచ్చు, మేడం నోరు అసలే ఆగదు, ముందు నేను పరుగున వెళ్ళి ముగ్గురికీ చేతులు జోడించాలి, సార్, ఆ మాట ఒక్కటీ మా అమ్మమ్మ ముందు అనకండి అని, ఇవాళే కాదు, ఎప్పుడూ కాపలా కాయాలి, లేదే అమ్మమ్మా అన్నాను, ఆవిడ కళ్ళలోకే చూస్తూ అన్నాను, గొంతు ఎక్కడా వణకలేదు, అప్పుడైతే ఉంచేవారు కాదు, రూల్ ఈమధ్యే మారిందట, నువ్వు ఆ పని చేయకపోతే నాకు చదువే లేదు, ఆవిడ చాలాసేపు నన్ను చూసింది, అదే మరి, నాకు తెల్దేటి అంది, ఊపిరి వదిలి నా భుజం మీద తల ఆనించింది.